మిరియాల మరకు నానబెట్టిన బియ్యం

"మిరియం నలగలేదు మే. పంటికింద రాయి మాదిరి తగలతాండాది."

"నీ పండ్ల సంగతి సాయంత్రం సూస్తా గానీ, ముందు పోయి పాలు తీసుకోనిరా పో."

మా ఆయనకూ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవి. మొదటిది ఆయనది, రెండోది నాది. ఆయన నవ్వి, చేతిలో ఉన్న పొంగలి ముద్ద నోట్లో వేసుకుని, మోపెడ్ తీసి పాలకేంద్రానికి పోయాడు. అక్కడ వరుసలో నిలబడి ఉండగానే గుండె ఆగిపోయింది. ముందు పాలక్యాన్లు ఇంటికి వచ్చాయి, తర్వాత ఆయన వచ్చాడు.

చావింటికి వచ్చిన ఆడవాళ్లందరూ నా పక్కన కూర్చుని ఒకటే అడిగారు, కడసారిగా ఏం చెప్పి పోయాడని. జరిగింది జరిగినట్టు చెప్పాను. మిరియం నలగలేదన్నాడు అన్నాను. ఏడుస్తున్నవాళ్లు కూడా ఏడుపు ఆపి నా మొహం చూశారు. మా పెద్దాడబిడ్డకు అది బొత్తిగా నచ్చలేదు. నన్ను గదిలోకి పిలిచి, అట్లా చెప్పవద్దు, గోవిందా అన్నాడని చెప్పు, వినేవాళ్లకు బాగుంటుంది అంది. నేను చెప్పకపోయినా ఆమే అందరికీ చెప్పేసింది. పెద్దకర్మ నాటికి మా ఆయన పాలవరుసలో నిలబడి గోవిందనామాలన్నీ మొదటినుంచి చివరిదాకా చదివి మరీ పోయాడని ఊరంతా అనుకున్నారు. పాలు పోసే అతను మాత్రం నన్ను చూసి తల దించుకున్నాడు. పాపం అతనికి నిజం తెలుసు. మా ఆయన ఆ వరుసలో ముందున్నవాడితో నీళ్లపాల గురించి గొడవ పడుతున్నాడట.

ఇదంతా నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది. నాకు సంతకం చేయడం వచ్చు, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుని చదవడం వచ్చు, అంతే. మా ఆయన సంగతి రాయమని ఈ పిల్ల అడిగితే, ఆయన సంగతి అంటే మిరియం సంగతే కదా అన్నాను.

తిరుచానూరులో అమ్మవారి గుడికి పోయే దారిలో ఒక లాడ్జి ఉంది. దాని మెట్ల పక్కన మా కొట్టు. బోర్డు మీద వేరే ఏదో పేరు ఉంటుంది గానీ జనానికి అది మిరియాల పొంగలి కొట్టు. పొద్దున్నే దర్శనానికి పోయేవాళ్లు, దర్శనం అయి వచ్చేవాళ్లు, పూలు అమ్మే ఆడవాళ్లు, ఆటోల వాళ్లు, అందరూ అదే పేరుతో పిలుస్తారు. బియ్యం, పెసరపప్పు, ఇంగువ, అల్లం ఎవరైనా వేస్తారు. మా కొట్టుకు పేరు తెచ్చింది మిరియం.

ఆ మిరియం దంచడం మా ఆయన పని. నల్లరాతి రోలు ఒకటి ఉండేది, ఒళ్లో పట్టేంత. రోజూ పొద్దున్నే దాన్ని ముందు పెట్టుకుని కూర్చునేవాడు. ఒక్కో మిరియం రెండు మూడు ముక్కలు కావాలి. పిండి కాకూడదు, గుండుగా మిగలకూడదు. ముందురోజు దంచి పెట్టుకుంటే వాసన పోతుందని ఏ పూటకాపూట దంచేవాడు. కాగిన నేతిలో ఆ ముక్కలు వేస్తే లాడ్జి పైఅంతస్తులో పడుకున్నవాళ్లు తుమ్ముతూ లేచి కిందికి వచ్చేవాళ్లు. మాకు వేరే ప్రచారం ఏమీ ఉండేది కాదు. రోకలి నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఆ చివరిరోజు మాత్రం చెయ్యి లాగుతోందని నాకిచ్చాడు. అది గుండె చెబుతున్న మాట అని మా ఇద్దరికీ తెలియలేదు. నేను దంచాను. ఆయన వంక పెట్టాడు. పోయాడు.

పెద్దకర్మ అయ్యాక మా మరిది నా ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. మా ఆయనకు తమ్ముడు. సూళ్లూరుపేట రైల్వేస్టేషన్ దగ్గర టీ బంకు పెట్టుకున్నాడు. రైలు వస్తే నలుగురు మనుషులు, రైలు పోతే ఈగలు. మనిషి చెడ్డవాడు కాదు. పెళ్లిళ్లలో వడ్డించమంటే అందరికంటే ముందు నడుం బిగిస్తాడు, తినమన్నా అంతే. కానీ ఆ రోజు గొంతు సవరించుకున్న తీరు చూసి నాకు అనుమానం వచ్చింది.

"వదినా, నువ్వు ఇంటికాడ కూసో. కొట్టు నేను సూసుకుంటా. నెలనెలా నీకు ఇచ్చేది ఇస్తా. పొంగలి అంటే ఏముండాదిలే, బియ్యం, పప్పు, నెయ్యి. మాయన్న దాన్ని పెద్ద యాగం మాదిరి చేసేటోడు."

ఇంటి దగ్గర కూర్చోవడం అంటే ఏమిటో నాకు తెలుసు. పెళ్లయి వచ్చింది మొదలు ఆ మెట్ల పక్కనే నా బతుకు. అక్కడ నన్ను అక్కా అని పిలిచేవాళ్లు, నాతో కీచులాడేవాళ్లు, చట్నీ ఇంకొంచెం వేయమని గిన్నె చాచేవాళ్లు ఉంటారు. ఇంట్లో గోడలు ఉంటాయి. గోడలకు చట్నీ అక్కర్లేదు.

కొట్టు మాది కాదు, లాడ్జి ఆయనది. ఆయన సన్నగా, పొడుగ్గా, మాటలు ఎవరో అప్పిచ్చినట్టు పొదుపుగా వాడే మనిషి. ఇన్నేళ్లుగా రోజూ మా పొంగలి తిన్నాకే లాడ్జి ఆఫీసుగది తలుపు తీసేవాడు. మరిది ఆయన దగ్గరికి కూడా పోయి మాట్లాడి వచ్చాడు. ఆయన నన్ను పిలిపించి తేల్చి చెప్పాడు.

"కార్తీకంలో ఉత్సవాలొస్తాండాయమ్మా. జనం విరగబడతారు. దానికి ముందు ఒక శుక్రవారం వచ్చి తింటా. పొంగలి మునుపటి మాదిరి ఉంటే కొట్టు నువ్వే నడుపుకో. లేదంటే మీ మరిదికి ఇస్తా. ఆయప్ప పొంగలి మానేసి నూడుల్సు పెడతానంటాండాడు."

నూడుల్సు అన్నమాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

దంచుదామంటే నా కుడిభుజం పట్టేసింది. చెయ్యి చెవి వరకు లేవదు, జడ కూడా మా ఎదురింటి ఆమె వేస్తోంది. రోకలి రెండు దెబ్బలు వేసేసరికి కళ్లలో నీళ్లు. సరే అని మిక్సీలో వేశాను. మిరియం పొడి అయిపోయి పొంగలి బూడిదరంగుకు తిరిగింది. పూలమ్మే ఆమె గిన్నెలోకి చూసి, ఏమక్కా, పొంగలికి విభూతి పెట్టినావా అంది. మిక్సీని తిప్పీ ఆపీ తిప్పీ ఆపీ చూశాను. సగం బూడిద, సగం గుండ్లు వచ్చాయి. ఆ తర్వాత అంగడిలో అమ్మే పొడి పొట్లం తెచ్చాను. దానికి వాసన లేదు, దగ్గు మాత్రం ఉంది. ఒకరోజు విసుగొచ్చి మిరియాలు గుండుగానే వేసేశాను. తిన్నవాళ్లందరూ మిరియాలు ఏరి ఆకు అంచున వరుసగా పెట్టిపోయారు. ఒక ముసలాయన అయితే అవన్నీ పోగేసి, కడిగి వాడుకోవచ్చు తీసుకో తల్లీ అని నా చేతిలో పెట్టాడు.

అప్పుడు వచ్చింది ఈ పిల్ల, ఇప్పుడు రాస్తున్నది. ఏర్పేడు దగ్గర పెద్ద కాలేజీలో ఆఫీసు పని చేస్తుంది. నా కథంతా విని, ఆ కాలేజీ అతిథులు భోంచేసే బల్ల మీద ఒక కర్ర సామాను చూశానని చెప్పింది.

"దానికి మర ఉండాది పెద్దమ్మా. లోపల మిరియాలు పోసి తల తిప్పితే కిందినుంచి నలిగి రాలతాయి. ఎంత మొరుమొరుగా కావాలంటే అంత."

"పిండిమర మాదిరా?"

"సేతిలో పట్టేంత పిండిమర."

"ఇంత తెలిసి ఇన్నాళ్లు నోరు మూసుకోనింటివా?"

"నువ్వు దంచేది మానతావని నాకేం తెలుసు" అంది. అదీ నిజమే.

ఇద్దరం తిరుపతిలో ఒక పెద్ద వంటసామాన్ల అంగడికి పోయాం. నేను కొంగున గుప్పెడు మిరియాలు ముడి వేసుకుని పోయాను. చెప్పు కొనేవాళ్లు కాలు తీసుకుపోరా, ఇదీ అంతే. అంగడి అబ్బాయి మొదట చూపించింది బ్యాటరీది. మీట నొక్కితే చాలు, చెయ్యి తిప్పే పని లేదన్నాడు. నా భుజానికి అదే మంచిదని మా పిల్ల కూడా అంది. మిరియాలు పోసి నొక్కాను. దోమ చెవిలో దూరినట్టు శబ్దం వచ్చింది. అడుగున దీపం వెలిగింది.

"ఈ దీపం యాలప్పా?"

"మిరియం యాడ పడతాండాదో కనపడేదానికమ్మా."

"పొంగలి యాడుండాదో నాకు తెలుసులేప్పా. మిరియానికి దారి తెలీదా?"

అతను నవ్వి దాన్ని పక్కన పెట్టాడు. దీపం బాగా వెలిగింది, మిరియం మాత్రం కొంచెం కొంచెంగా రాలింది. ఆ లెక్కన ఒక గుండుగిన్నె పొంగలికి సరిపోను రాలేసరికి సాయంత్రం టిఫిన్ వేళ అవుతుంది.

రెండోది గాజుబుడ్డి, పైన ప్లాస్టిక్ మూత. చూడ్డానికి ముద్దుగా ఉంది. తిరగేసి అడుగున వేలు పెట్టి చూశాను. పళ్లు ప్లాస్టిక్‌వి. తిప్పితే మిరియం విరగలేదు, నున్నగా అయి బయటికి వచ్చింది. మిరియాలకు క్షవరం చేసే పని నాకు లేదని చెప్పాను. చేతిలో దాగిపోయేంత చిన్నవి ఇంకో వరుస చూపించాడు. అవి గుడ్డు మీద చిటికెడు చల్లుకునేవాళ్లకట. గుండుగిన్నె నిండా పొంగలి వండేదాన్ని, వాటిని ఎన్నిసార్లు నింపుకోవాలి నేను.

చివరికి పై అరలోంచి ఒకటి తీశాడు. కర్రది, నా మోచెయ్యి పొడవు, నడుము దగ్గర సన్నగా, పైన గుండ్రటి తల. బొమ్మల అంగట్లో రంగు వేయకుండా వదిలేసిన బొమ్మలాగా ఉంది. తిరగేస్తే అడుగున ఉక్కుపళ్లు, ఒకదానిలో ఒకటి దూరి ఉన్నాయి. తల పట్టుకుని ఊపి చూశాను, కదల్లేదు. మంచి తిరగలి పైరాయి కూడా అట్లాగే కూర్చుంటుంది, అటూ ఇటూ ఊగితే పిండి ఒక పక్కే నలుగుతుంది. నెత్తిన మరమేకు లాంటి చిన్న మర ఉంది. బిగిస్తే సన్నంగా, వదులు చేస్తే మొరుమొరుగా వస్తుందన్నాడు. నోరు వెడల్పుగా ఉంది, గరాటు లేకుండా మిరియాలు పోసుకోవచ్చు. కొంగుముడి విప్పి పోసి, మర వదులు చేసి, నా అరచేతిలోకే తిప్పాను.

కరకరమని వచ్చింది. అరచేతిలో చూస్తే మిరియం రెండు ముక్కలూ మూడు ముక్కలూ. నోట్లో వేసుకున్నాను. ఆ అంగడి మధ్యలో నిలబడి తుమ్మాను, మళ్లీ తుమ్మాను. చీరకొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, ఇదే ఇవ్వు నాయనా అన్నాను. మా పిల్ల అదంతా ఘాటుకు వచ్చిన నీళ్లే అనుకుంది. అనుకోనీ.

ఉప్పు కూడా అందులోనే తిప్పుకోవచ్చా అని అడిగితే వద్దన్నాడు. ఉప్పు తగిలితే ఉక్కు తుప్పు పడుతుంది, ఉప్పుకు పింగాణీ పళ్లది వేరే ఉంటుందట. మా మరిదికీ నాకూ కుదరనట్టే వాటికీ పొత్తు కుదరదన్నమాట. కడగాలా వద్దా అని మాత్రం నేను అడగలేదు. నాకు తెలుసు కదా అనుకున్నాను.

మా వైపు కొత్త రోలు తెచ్చినా, తిరగలి తెచ్చినా అట్లాగే వాడరు. ముందు నీళ్లు పోసి కడుగుతాం. పసుపు రాసి బొట్టు పెడతాం. తర్వాత తవుడు వేసి రుబ్బి, నానబెట్టిన బియ్యం రుబ్బి ఆ పిండి పారబోస్తాం. అప్పుడు రాతిపొడి అంతా పోయి రాయి మనది అవుతుంది. మా అత్త చేసింది, నేను చేశాను. మా పిల్ల బస్సు ఎక్కి పోగానే మరను బకెట్లో ముంచి కడిగాను. పసుపు రాశాను, తలమీద కుంకుమ పెట్టాను. నానబెట్టిన బియ్యం లోపలికి పోసి తిప్పాను. మొదట కొంచెం తెల్లటి నీళ్లు కారాయి. తర్వాత తిరగడం మానేసింది. కొత్తది కదా, బిగుసుగా ఉంది, పొద్దున్నకి సర్దుకుంటుందిలే అని దేవుడి గూటిలో పెట్టి నమస్కారం చేసుకున్నాను.

పొద్దున్నకి సర్దుకోలేదు, పులిసింది. గూటి దగ్గరికి పోతే ఇడ్లీపిండి వాసన. మర నెత్తిన ఉన్న సందులోంచి తెల్లటి నురుగు పొంగి కుంకుమ మీదినుంచి కారుతోంది. బలం కొద్దీ తిప్పితే నా చెయ్యి తిరిగింది, మర తిరగలేదు.

రేపే లాడ్జి ఆయన చెప్పిన శుక్రవారం. మా పిల్లకు ఫోన్ చేసి చెప్పాను. అవతలి నుంచి ఏదో గురగుర వినపడింది. లైను చెడిందేమో అనుకున్నాను. లేదు, నవ్వుతోంది. సెలవు పెట్టి మధ్యాహ్నానికల్లా వచ్చింది.

"పెద్దమ్మా, దీన్ని నీళ్లల్లో ముంచరాదు. బియ్యం వేస్తే వేసినావు, పొడి బియ్యం వేసుంటే లోపల శుభ్రమయ్యేది. నానబెట్టి వేసినావే."

"పొడి బియ్యం రోల్లో వేస్తే ఏమొస్తాది, దుమ్ము తప్ప?"

"ఇది రోలు కాదు."

"రుబ్బేది ఏదైనా రోలే మే" అన్నాను, తప్పు నాదని తెలిసీ. ఒప్పుకుంటే పనిలో సగం ఆ పిల్ల నవ్వుకే పోతుంది.

నెత్తిన మర విప్పితే తల ఊడి వచ్చింది, లోపలి ఇనుపకడ్డీ బయటికి వచ్చింది. పుల్లతో పిండి గీకాం. పళ్ల మధ్య ఇరుక్కున్నది మాత్రం రాలేదు. గట్టి బ్రష్షు ఏదైనా ఉందా అని అడిగింది. గూట్లో మా ఆయన పళ్లు తోముకునే బ్రష్షు ఇంకా అట్లాగే ఉంది. నేను కాసేపు దాన్ని చూశాను. తర్వాత తీసిచ్చాను. ఆయన పళ్లు తోముకోవడంలో బద్ధకస్తుడు, ఆ బ్రష్షు కొత్తదానిలా ఉంది. మర పళ్లు దాంతో ఎంత బాగా తోమామంటే, ఆయన నోరు బతికుండగా ఒక్కనాడు అంత శుభ్రంగా లేదు.

విడిభాగాలన్నీ మిద్దెమీద పాతచీర పరిచి ఎండబెట్టాం. కాకి ఒకటి వచ్చి నెత్తిమరను తీసుకుపోబోతే నేను కర్ర పట్టుకుని కాపలా కూర్చున్నాను. మా పిల్ల పోయాక కర్రకు ఆముదం రాద్దామని సీసా వెతికాను గానీ, పోయేముందే దాన్ని అటక మీద పెట్టేసి, పొడిగుడ్డతో తుడిస్తే చాలు అని చెప్పి పోయిందని గుర్తొచ్చింది. నన్ను ఎంత ఎరుగునో చూడండి. రాసేటప్పుడు నవ్వొద్దు మే, అక్షరాలు వంకర పోతాయి.

సాయంత్రానికి తడి అంతా ఆరింది. బిగించి, పొడిబియ్యం గుప్పెడు వేసి తిప్పాను. తెల్లటి పొడి రాలింది. ఆ తర్వాత మిరియాలు వేసి తిప్పాను. కరకర.

శుక్రవారం పొద్దున్నే పొంగలి ఎక్కించాను. లాడ్జి ఆయన వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. ఆయన పక్కనే మా మరిది. ముందురోజే రైలెక్కి వచ్చి లాడ్జిలోనే దిగాడట. కొట్టు గోడలు ఎంత పొడవో కళ్లతోనే కొలుస్తున్నాడు. నూడుల్సు పొయ్యి యాడ పెట్టాలో చూస్తున్నాడని నాకు అర్థమైంది.

నేను నెయ్యి కాచి, పొంగలి గుండు మీద మర పట్టుకుని తిప్పడం మొదలుపెట్టాను. నాలుగు తిప్పులు బాగా తిరిగింది. తర్వాత గట్టిపడింది. తర్వాత ఆగిపోయింది. పొంగలి ఆవిరి మొహానికి కొడుతుంటే అప్పుడు తట్టింది. ఆ ఆవిరి నా మొహానికే తగులుతోందా, మరకు కూడా తగులుతోంది. లోపల మిరియం చెమ్మగిల్లి ముద్ద అయింది.

"అది బొమ్మనా వదినా, ఆడుకోను తెచ్చుకున్నావా" అన్నాడు మరిది. "ఇట్టియ్యి, నేను తిప్పిస్తా."

"నువ్వు సేతులు కడుక్కోని కూసో. తినేదానికి పనికొస్తావు" అన్నాను.

పొయ్యికి దూరంగా పోయి గడప మీద కూర్చున్నాను. నెత్తిమర విప్పి, ముద్ద తట్టి పారేసి, పొడిగుడ్డతో పళ్లు తుడిచి, కొత్తగా మిరియాలు పోసుకున్నాను. భుజం లేవదు కదా, మరను ఒళ్లోకి దించి, తలను కుడిచేత్తో కదలకుండా పట్టుకుని, మొండేన్ని ఎడంచేత్తో తిప్పాను. తల తిరిగితేనేం, మొండెం తిరిగితేనేం, పళ్లకు తెలియదు. ఒళ్లో పెట్టుకున్న స్టీలు తట్ట నిండుతూ వచ్చింది. నాకు నొప్పి తెలియలేదు. తట్ట తీసుకుపోయి నేతిలో పోశాను. చిటపటమని లేచింది. పైఅంతస్తులో ఎవరో తుమ్మారు.

లాడ్జి ఆయనకు ఒక ఆకు, మరిదికి ఒక ఆకు పెట్టాను. లాడ్జి ఆయన ఒక ముద్ద తిన్నాడు. మొహంలో ఏమీ కనపడలేదు. ఆయన మొహంలో కూతురి పెళ్లినాడు కూడా ఏమీ కనపడలేదు, అందుకని దాన్ని నమ్ముకోలేదు. రెండో ముద్దకు పొలమారింది. దగ్గాడు, కళ్లనిండా నీళ్లు వచ్చాయి. అయిపోయింది, ఘాటు ఎక్కువైంది, కొట్టు పోయింది అనుకున్నాను. నీళ్లగ్లాసు ఇచ్చి పక్కన నిలబడ్డాను.

మా మరిది ఈ లోపల తల వంచుకుని తింటున్నాడు. ఆకు ఖాళీ చేసి, నా వైపు చూడకుండానే చెయ్యి చాచాడు. పెట్టాను. అదీ అయిపోయింది. మళ్లీ చెయ్యి చాచాడు. మళ్లీ పెట్టాను. ఆకు అంచున ఒక్క మిరియం లేదు.

లాడ్జి ఆయన కళ్లు తుడుచుకుని ఆ ఆకు వైపు చూశాడు.

"ఇంకొంచెం పెట్టిచ్చుకుంటావాప్పా?"

"సాలన్నా" అన్నాడు మరిది, మూతి తుడుచుకుంటూ. "ఇంగ కొంచెం సట్నీ ఉంటే సూద్దాం."

"నూడుల్సు కొట్టు పెట్టేటోడివి, పొంగలి ఇంత తింటే ఎట్లప్పా" అన్నాడు ఆయన. లేచి చెయ్యి కడుక్కుని, నా దగ్గరికి వచ్చి, "రేపు ఏడింటికి వస్తానమ్మా" అని మాత్రం అని ఆఫీసుగది తలుపు తీసేందుకు పోయాడు. అంతే. ఇన్నేళ్లుగా ఎట్లా పోయేవాడో అట్లాగే.

మా మరిది తన ఖాళీ ఆకును చూసుకున్నాడు. పాపం అప్పుడు తెలిసింది అతనికి, తన కొట్టు తానే తినేశాడని. కోపం రాలేదు అతనికి. వచ్చే రైలు ఎన్నింటికి ఉంటుందని అడిగాడు. అది మధ్యాహ్నానికి గానీ లేదు. అంతవరకు ఏం చేస్తావు, కూర్చో అంటే, కూర్చోకుండా లేచి బల్లలు తుడిచాడు. వచ్చినవాళ్లకు నీళ్లు పోశాడు. నిజం చెప్పాలంటే వడ్డించడంలో వాళ్లన్నకంటే నయం. వాళ్లన్న వడ్డిస్తూ వడ్డిస్తూ రాజకీయాలు మాట్లాడేవాడు.

ఆ మర ఇప్పటికీ నా దగ్గరే ఉంది. దానికి నేను చేసేది పెద్దగా ఏమీ లేదు. నీళ్లు తగలనివ్వను. ఆవిరికి దూరంగా, తట్టలోకి తిప్పుతాను. లోపల మిరియం లేకుండా ఉత్తినే తిప్పను, ఉత్తినే తిప్పితే పళ్లు ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి. నెత్తిమర మరీ బిగించను. వారానికోసారి పొడిబియ్యం గుప్పెడు తిప్పి, బ్రష్షుతో దులుపుతాను. పసుపు కుంకుమ మాత్రం మానలేదు, చుక్క పెట్టి పొడిగుడ్డతో తుడిచేస్తాను. తడి లేదు కదా, ఎవరికీ అభ్యంతరం ఉండకూడదు. మిరియాలు కూడా చూసి కొంటాను. చేతిలో పోసుకుంటే బరువుగా ఉండాలి. తేలిగ్గా, బోలుగా ఉన్నవి ఏ మరకైనా పొట్టే ఇస్తాయి.

ఒకసారి కొత్తగా వచ్చిన కానిస్టేబుల్ టిఫిన్ తింటూ మరనే చూస్తున్నాడు. చేతికి తీసుకుని గోరుతో గీకి, వాసన చూశాడు. ఎర్రచందనమా ఇది అని అడిగాడు. ఎర్రచందనం అయితే మెట్ల పక్కన పొంగలి ఎందుకమ్ముతా సామీ అన్నాను. అయినా నమ్మలేదు, తల తిప్పి చూశాడు. వాసన చూసిన చోట నుంచే మిరియం ముక్కులోకి పోయింది. తుమ్ముతూ పోయాడు, ఇప్పుడు రోజూ వస్తున్నాడు.

ఉత్సవాలకు జనం విరగబడ్డప్పుడు నేనే మరిదికి ఫోన్ చేశాను. బంకు మూసేసి వచ్చి పంచమితీర్థం అయ్యేదాకా ఉండి వడ్డించాడు. మర మాత్రం ముట్టుకోనివ్వలేదు. అతను తిప్పితే తట్టలో పడేదానికన్నా నోట్లో పడేది ఎక్కువ ఉంటుంది. ఈసారి పోయేటప్పుడు, నాకు కూడా అట్లాంటిది ఒకటి కొనిపెట్టు వదినా, టీలో మిరియం వేసి అమ్మితే జలుబు ఉన్నవాళ్లు తాగుతారు అన్నాడు. కొనిపెడతా, నానబెట్టిన బియ్యం మాత్రం వేయొద్దు అన్నాను. ఎవరన్నా వేస్తారా అట్లా అని నవ్వాడు. నేనూ నవ్వాను.

ఈ రాసింది మా మరిది చెవికి కూడా పోతుంది కదా, మా పిల్ల చదివి వినిపించకుండా ఉండదు. అతను రోషగాడు. అన్నం మీద మాట అంటే పడడు. ఆకు ఖాళీ చేసి చెయ్యి చాచాడని నేను చెప్పింది మరీ వాడిగా పడిందేమో, కొంచెం మెత్తగా చెప్పాలేమో. ఆ కలం ఆపి, శుక్రవారం వాళ్లిద్దరూ బల్ల దగ్గర కూర్చున్న కాడినుంచి ఒకసారి చదువు తల్లీ. మెల్లగా చదువు, వింటాను.